అవ్వ కోపం

మంగళవారం రాత్రి, మైపాడు

నిద్ర పట్టడం లేదు. ఈ పల్లెల పాత సంగతులు సేకరిస్తూ, వెనకటి వలల కొట్లాటలో ఒక జాలరిని చంపి సముద్రంలో పడేశారని విన్నాను; అతని కూతురి జాడ ఇవాళ దొరికింది. ఏ ఆడపిల్లను ఏ ఊరికిచ్చారో అడుగుతూ పోతే పోలమ్మవ్వ ఇంటి దగ్గర తేలాను. తండ్రి మునిగి చనిపోయాడనే ఆమెకు చెప్పారట. సముద్రం మీద ఆ కోపంతో కొడుకును పడవ ఎక్కనివ్వకుండా తడ ఊళ్లో ఫ్యాక్టరీ పనికి పంపింది.

నిజం చెప్పేశాను.

“అయితే మా నాయన్ని సముద్రం మింగలేదా అబ్బయ్యా?” అంది అవ్వ. ఆ వెంటనే, “సంపినోళ్ల బిడ్డలు యాడుండారు?” అని అడిగింది.

తెలియదన్నాను. తెలుసు. పక్క పల్లెలో నిన్న నాకు టీ ఇచ్చింది ఆ హంతకుడి మనవడే. అతనికీ ఈ సంగతి తెలియదు.

ఎందుకు చెప్పానో! ఇన్నేళ్లూ అవ్వ కోపాన్ని సముద్రం భరించింది. ఇకమీదట ఆ మనవడు భరించాలేమో.