ఈసారి కుండీలు కదలవు

ఏమండీ, డ్యూటీకి వెళ్తున్నా. బాల్కనీలో ఉన్న దుంపతీగ కుండీలకు నీళ్లు పోయకండి. పూత అయిపోయింది కాబట్టి ఆకులు పండి రాలుతున్నాయి. దుంప మట్టిలో బతికే ఉంది, తడి తగిలితే కుళ్లిపోతుంది.

ఓనరమ్మ వచ్చి "ఆ ఎండు చెత్త పారెయ్యండి" అంటే నిన్నటిలా తలూపకండి. చలి తగ్గి ఇదే తీగ ఎర్రగా, పసుపుపచ్చగా విరగబూసినప్పుడు చుట్టాలను వెంటేసుకొచ్చి చూపించింది ఆవిడే. "మా ఆవిడ ఒప్పుకోదు" అని చెప్పండి. అదీ మీవల్ల కాకపోతే తలుపే తియ్యకండి, నేనొచ్చి మాట్లాడతా.

ఇల్లు మారినప్పుడల్లా ముందు నా మొక్కలే వీధిన పడ్డాయి. ఈసారి పడవు. కావాలంటే ఇల్లే మారదాం, కుండీలతో సహా.

అన్నట్టు, తీగ పాకడానికి పుల్లలు గుచ్చి దారం కట్టింది మీరే. నేను మర్చిపోలేదు. మీరూ మర్చిపోకండి.