బావి నీళ్లలో సీసం

కిట్వే పట్నం, మంగళవారం

అమ్మమ్మకి మోకరిల్లి నమస్కారం.

ఈ ఉదయం మా ప్రయోగశాల మెట్ల మీద ఒక చీమ పంచదార పలుకును మోసుకెళ్తోంది. మా యంత్రం అంతకన్నా చిన్నవాటిని పట్టుకుంటుంది. నీళ్లను మహా వేడిమంటలోకి చిమ్మి, అందులోని లోహాల పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కిస్తుంది. ఎగువన గనులున్నాయి కదా, మీ బావిలో సీసం ఉందేమోనని నా బెంగ. ఉంటే కౌన్సిల్ వాళ్లు బావి మూసేస్తారు. ఏటికి వెళ్దామంటే మొసళ్లు. రెండు బాటిళ్లు పంపుతున్నాను. నీళ్లు నింపి పంపు.

నీ ముసొండా

తా.క. బాటిళ్లు కడగొద్దు.

*

ముసొండా తల్లీ, దీవెనలు.

బాటిల్ పుల్లటి కంపు కొట్టింది. సిస్టర్ల బడిలో గిన్నెలు తోమడం నేర్పలేదటే? బూడిద, ఏటి ఇసుక వేసి తళతళా తోమి నీళ్లు పోశాను.

అమ్మమ్మ

తా.క. తెచ్చిన పాత్ర ఉత్తదిగా పంపితే మన పరువేం కాను? రెండోదాంట్లో వేరుశనగలు పోశాను.

*

అమ్మమ్మకి నమస్కారం.

ఆ కంపు ఆమ్లానిది. బాటిళ్లను దాంతోనే శుభ్రం చేస్తాం. నీ బూడిద దెబ్బకి యంత్రం ఎన్ని లోహాలు చూపించిందో! "మీ అమ్మమ్మ గనిలో కాపురముంటోందా?" అన్నారు మా ప్రయోగశాల పెద్దాయన సికాజ్వే గారు. ఇంకో బాటిల్ పంపుతున్నాను. దయచేసి తోమకు.

ముసొండా

తా.క. వేరుశనగలు ఆయనే తిన్నారు.

*

ముసొండా,

తోమలేదు. అయినా పెద్దాయనకి పచ్చినీళ్లు పంపుతానా? కలరా వచ్చిన ఏడాది నర్సమ్మ ఏం చెప్పింది? నువ్వు కొనిచ్చిన పోత గిన్నెలో సగమయ్యేదాకా మరిగించాను.

అమ్మమ్మ

తా.క. చప్పగా ఉంటాయని రెండు నిమ్మకాయలు పిండాను.

*

అమ్మమ్మకి నమస్కారం.

ఆ నీళ్లలో సీసం హద్దుకు ఆరు రెట్లుంది. అందుకే సికాజ్వే గారు స్వయంగా వచ్చి బావినీళ్లు తోడుకున్నారు, గిన్నె అడిగి తెచ్చారు. దొంగనుకుని చీపురు తిరగేశావట. ఆయనేం అనుకోలేదు.

బావిలో సీసం లేదు. దాన్నెవరూ మూయరు. ఇక్కడి శుద్ధమైన నీళ్లు నీ గిన్నెలో పోసి, నిమ్మరసం పిండి మరిగించాం. సీసం వచ్చేసింది. పాత బండ్ల అల్యూమినియం తుక్కు, బ్యాటరీలు కరిగించి పోస్తారట అలాంటివి. ఆ గిన్నె ఇక తిరిగి రాదు. మట్టికుండలో వండుకో.

ముసొండా

తా.క. నీకది కొన్న రోజు బజారులో నేను జత గిన్నెలు కొన్నాను. రెండోదాంట్లో మూడేళ్లుగా రోజూ న్షిమా, మన మొక్కజొన్న ముద్ద, వండుకుంటున్నాను.