తాత మొలతాడు

మంగళవారం, రాత్రి

బుజ్జమ్మా, మీ తాత ఏ ఊళ్లో పుట్టాడో కనుక్కోవాలని చివరిదాకా ఆశపడ్డావు. నువ్వు పోయాక ఆ పని నేను ఎత్తుకున్నాను. ఈరోజు మైపాడు వెళ్లి, మా నాన్నతో ఒకే ఇంట్లో పెరిగిన రాహేలత్తను అడిగాను.

“తుపానులో దొరికిన పిలకాయకు ఊరేందిమే? మొలతాడుకి తాయెత్తు ఉండేది, దానిమీద ఏందో పేరు చెక్కుండేది. బాప్తీస్మం నాడు మా అమ్మ తెంపి సముద్రంలో ఏసేసింది. దేవుడి బిడ్డకి అదెందుకు అనుకునింది!” అంది.

నాకు కోపం రాలేదు. ఆ తాయెత్తు కట్టిన తల్లి బిడ్డ కోసం ఎన్నేళ్లు వెతికిందోనని ఏడుపొచ్చింది. బిడ్డ లేని ఇల్లు ఎట్లా ఉంటుందో నాకిప్పుడు తెలుసు.

ఊరి పేరు దొరకలేదు తల్లీ. మీ తాతను కన్న ఆ తల్లి ఇప్పుడు నీ దగ్గరే ఉంటుంది, నువ్వే అడుగు. ఆమె ఏం పెట్టినా కడుపునిండా తిను.