గర్భిణుల వరుసలో ముసలిదానికి ఒక చోటు

పోషకాహార కేంద్రాల అధికారి గారి సముఖమునకు,
రైలు గేటు వెనక వీధిలో ఉండే గోదాము మూటల కూలీ (ఇంకా పని మానలేదు) వ్రాసుకున్న అర్జీ.

విషయం: గర్భిణీ స్త్రీలను కూర్చోబెట్టి తినిపించే వరుసలో నా భార్యకు, వయసు డెబ్బై ఒకటి, ఒక చోటు ఇప్పించుట గురించి.

అయ్యా,

ఇది నేనే రాస్తున్నాను. అర్జీలు రాసిపెట్టేవాడు నా మాటలకు మర్యాద నేర్పుతానన్నాడు, వద్దన్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తమరే కొంచెం తల వంచి చదువుకోండి.

1. మా వీధి కేంద్రం గోడ మీద ఏ వయసులో ఏం తినాలో బొమ్మలు వేయించారు. పసివాడికి తల్లిపాలు. బడిపిల్లకి గుడ్డు, పప్పు. కడుపుతో ఉన్నామెకి పాలు, ఆకుకూర, పండు. అన్నిటికీ చివర కర్ర పట్టుకున్న ముసలిది. దాని కింద ఉప్పు తగ్గించు, నూనె తగ్గించు, తీపి తగ్గించు అని ఉంది. అందరికీ తినమని, మాకు మానమని. నా భార్య ఉప్పూ నూనెతో పాటు మిగతావన్నీ కూడా తగ్గించేసింది. తమ మాట ఇంత బుద్ధిగా విన్నవాళ్ళు ఇంకెవరూ ఉండరు, సన్మానం చేయవచ్చును.

2. పోయిన వానాకాలం వీధిలో నీళ్ళు నిలిస్తే నా భార్యను ఎత్తుకుని దాటించాను. నలభై ఎనిమిది కిలోలు. ఈ వానకి మళ్ళీ ఎత్తాను. ముప్పై తొమ్మిది. కేంద్రం నడిపే మేడమ్ గారితో చెబితే "తూకం కాగితం ఏది తాతా" అన్నారు. నా భుజం చూపించాను. "భుజం మీద స్టాంపు ఉండదు కదా" అన్నారు. యాభై ఏళ్ళుగా మూటలు మోస్తున్నాను. కాటా మీద అనుమానం వస్తే గోదాములో నన్నే ఎత్తి చెప్పమంటారు. కేంద్రంలో ఉన్న తూకం ఉయ్యాల పసిపిల్లలదట, పెద్దవాళ్ళు పట్టరట. ఇంకో రెండు వానలు ఆగితే మా ముసలిది పడుతుంది.

3. సదరు మేడమ్ గారు జాలిపడి రెండు గుడ్లు చేతిలో పెట్టి, ఇంటికి పట్టుకెళ్ళమన్నారు. తీసుకోలేదు. నేను ముష్టికి రాలేదు. గర్భిణులకు ఇంటికిస్తే ఇంట్లోవాళ్ళకి పెట్టేస్తున్నారని, ఎదురుగా కూర్చోబెట్టి తినిపించాలని తమరే రూలు పెట్టారు. ఆ రూలు రాసినవారెవరో గానీ ఆడవాళ్ళ సంగతి తెలిసినవారు. అదే రూలు మా దానికీ కావాలి.

ఆ వరుసలో కూర్చోవడానికి కడుపుతో ఉండడం అర్హత అంటారా, ఈ వయసులో అది మా చేతిలో లేదు. ప్రయత్నించమని తమరు లిఖితపూర్వకంగా ఆదేశిస్తే ఆలోచిస్తాము.

నా భుజం మీద నమ్మకం లేకపోతే తమరే దయచేయండి. తమరిని ఎత్తి బరువు చెబుతాను. కిలో తేడా వస్తే ఈ కాగితం అక్కడే చించేయండి. రాకపోతే మాత్రం చిత్తగించవలెను.

ఈ ఒక్క పనికి తమ విధేయుడు,
మూటల కూలీ

మరో మాట: మొన్న గోదాములో కాటా ఖాళీగా ఉంటే నేనూ ఎక్కాను. నాది తగ్గలేదు. నాలుగు కిలోలు పెరిగింది. ఇంటికొచ్చి "నువ్వు తిన్నావా" అని అడిగాను. "వంటింట్లో తినేశాలే, మోసేవాడివి నువ్వు తిను" అంది. లేచి వెళ్ళి చూశాను. దాని కంచానికి తడి లేదు. ఊళ్ళోవాళ్ళ మూటలన్నీ తూచాను గానీ నా కంచం ఎందుకు బరువెక్కిందో చూసుకోలేదు. అందుకని మా ఇంటికి ఏమీ పంపకండి. దాన్ని రోజూ నేనే ఎత్తుకొచ్చి దింపుతాను. అది తినేదాకా నన్ను గేటు బయటే ఆపండి.