నీ కడుపు చల్లగుండ

వదినా,

అన్నయ్యతో విడాకులయ్యాక నీకు రాస్తున్న మొదటి ఉత్తరమిది. కంగారుపడకు, రాయబారం కాదు. నీ కడుపుతో పనిపడింది.

ఊపిరితిత్తుల జబ్బుకని మింగిన మందులు నా పేగుల్లోని మంచి క్రిములను కూడా ఊడ్చేశాయట. అప్పట్నుంచి నా కాపురం బాత్రూంలోనే. మనిషిని పుల్లలా అయిపోయాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలంలోంచి మంచి క్రిములు తీసి నా పేగుల్లోకి ఎక్కిస్తే తేరుకుంటానంది డాక్టరమ్మ. ముక్కు మూసుకోకు, శుభ్రంగా వడకట్టే ఎక్కిస్తారు!

పరీక్షల్లో అన్నయ్య తప్పాడు, అక్కా తప్పింది. మన ఇంట్లో రాళ్లు తిన్నా అరిగించుకునేదానివి నువ్వే కదా! సోమవారం ఆసుపత్రికి వచ్చి ఆ పరీక్షేదో నువ్వూ చేయించుకో. అందాకా జలుబు చేసినా సరే, నన్నడక్కుండా ఒక్క మాత్ర మింగావో, ఊరుకోను.

నీ పేరు చెప్పగానే డాక్టరమ్మ, “ఆవిడ మీకేమవుతారు?” అని అడిగింది. “మా మాజీ వదిన” అనబోయాను నేను. ఇన్నాళ్లూ ఇంట్లో నీ ఊసే ఎత్తనివ్వని అమ్మ పక్కనుంచి గబుక్కున అందుకుంది.

“మా కోడలండీ.”

నీ ఆడపడుచు