పాత మ్యాపులో పిన్నిగారి పుట్టిల్లు

అక్కకి, బావగారికి నమస్కారాలు.

అందరూ కులాసాగా ఉన్నారా? బావగారి దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను, వేళకి తింటున్నాను, స్వెట్టర్ వేసుకుంటున్నాను. బెంగ పెట్టుకోకు.

ఈ ఉత్తరాఖండ్ కొండల్లో అప్పుడే చలి మొదలైంది. లైబ్రరీలో నా పని హిమాలయాల పాత మ్యాపులు దుమ్ము దులిపి స్కాన్ చేయడం. అన్నీ తెల్లదొరల కాలంలో గీసినవే. వాటి నిండా సన్నటి గోధుమరంగు గీతలు, అచ్చం మన పొలం గట్లలా ఉంటాయి. ఎంతసేపు చూసినా విసుగు రాదు.

మా ఇంటి ఓనరుగారిని నేను పిన్నిగారూ అనే పిలుస్తాను. అర్థం తెలియకపోయినా పలుకుతుంది, మిగతా మాటలన్నీ హిందీలోనే. ఆవిడ పుట్టిన ఊళ్లో ఇప్పుడు మనుషులెవరూ లేరు, కొత్త మ్యాపుల్లో దాని పేరూ లేదు. త్వరలో కొడుకు ఆవిడని ఢిల్లీ తీసుకెళ్లిపోతున్నాడు. ఈలోపు ఒక్కసారి ఆ ఇల్లు చూడాలని ఆవిడ ఆశ. పాత మ్యాపులో ఊరు దొరికింది! దారం పెట్టి కొలిచి, "ఎంతండీ, గంట నడక" అనేశాను, అవనిగడ్డ కరకట్ట మీద నడిచిన ధైర్యంతో. ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మధ్యాహ్నమైనా సగం కూడా ఎక్కలేదు. ఆవిడ మోకాళ్లు పట్టుకుని కూలబడింది.

"మీ ఊళ్లో కొండలు లేవా అమ్మాయ్?"

"లేవండి. మాకు కరకట్టే కొండ."

ఆవిడ పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు మా సార్‌ని అడిగాను. గీతలు దగ్గరగా ఉంటే నిటారు ఎక్కుడట, ఎడంగా ఉంటే ఏటవాలట. చిన్నప్పుడు సోషల్లో చదివిందే, బుర్రకెక్కితేగా! వెతగ్గా వెతగ్గా ఊరికి వెనకవైపు, గీతలు ఎడంగా ఉన్నచోట, చుక్కలతో వేసిన కాలిబాట కనిపించింది. కాగితం మీద అదే చాలా దూరం. మొన్న జీపులో కొండ చుట్టి వెళ్లి, ఆ బాటలో ఆవిడని మెల్లగా నడిపించాను. చేరాం అక్కా!

ఇంటికి పైకప్పు లేదు. ఆవిడ తిన్నగా పొయ్యి ఉండే మూలకి వెళ్లి, గడ్డి పీకి, కొంగుతో తుడిచి కూర్చుంది. కాసేపటికి, జీపతను కేకలేస్తాడేమోనని "ఇంక దిగుదామాండీ" అన్నాను.

"పుట్టింటికొచ్చిన ఆడపిల్లని అప్పుడే పంపించేస్తావా?" అంది.

నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను.

మీ అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు. వీలైతే కాస్త కందిపొడి పంపు. అమ్మ పోయాక నాకు పుట్టిల్లంటే నువ్వే కదా. వచ్చే నెల సెలవు పెట్టాను. వచ్చాక, తిరుగు టికెట్ ఎప్పటికని మాత్రం అడక్కు.

మీ ఇద్దరి దీవెనలు కోరుతూ,
నీ చెల్లెలు
సుజాత