థర్డ్ గేరు పడటం లేదు

జులై 3, గురువారం

హనుమంతవాక దాటాక థర్డ్ గేరు దానంతట అదే బయటికొచ్చేసింది. మళ్లీ వేశాను, మళ్లీ వచ్చేసింది. డిక్కీలో ఐస్ బాక్సుల నిండా చేపలు. వెనక లారీవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. సెకండ్‌లోనే ఈడ్చుకుంటూ ఆనందపురం చేరాను. చంద్రిక గారు కోనాం చేప ముక్కని వేలితో నొక్కి చూసి, ఏమీ అనకుండా తీసుకున్నారు. నా పాత కస్టమర్. ఏదో ఒకటి అంటే బాగుండేది.

జులై 5, శనివారం

వన్ టౌన్‌లో మెకానిక్ గురునాథరావు షెడ్డు. గేర్ బాక్స్ ఆయిల్ దించితే పాలు ఎక్కువైన టీలా వచ్చింది. ఇదేటి మేడమ్, ఇందలకి నీల్లెలాగొచ్చీసినాయి అన్నాడు. వాన నీళ్లలో పోనిచ్చారా అంటాడు. ఈ ఏడు వానెక్కడ?

లోపల బేరింగులు తుప్పు పట్టాయట. విప్పించి పాడైనవి మార్చుకోవచ్చు, రెండు వారాలైనా పడుతుంది. లేదా స్క్రాప్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ బాక్సు ఎక్కించెయ్యొచ్చు, రెండు రోజుల పని. అది ఏ బండిదో, ఎవడు ఎలా నడిపాడో తనకి తెలీదని ముందే చెప్పేశాడు. ఏది చేసినా నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో తేలకపోతే మళ్లీ ఇదే గోలట.

ప్రస్తుతానికి కొత్త ఆయిల్ పోసి పంపాడు.

జులై 6, ఆదివారం

పాస్టర్ గారు క్షమాపణ గురించి చెప్తున్నంతసేపూ నేను గేర్ బాక్స్ గురించి ఆలోచించాను. దేవుడికి తెలిసే ఉంటుంది.

జాక్సన్ మార్చీ, కత అయిపోద్ది అన్నాడు. పోర్టులో క్రేన్ నడుపుతాడు కదా, మా ఆయనకి అన్నీ ఎత్తి పక్కన పెట్టేసేవే. మిక్సీ, ఫోను, టీవీ, అన్నీ మార్చాడు. నన్నెందుకు ఉంచుకున్నాడో.

జులై 7, సోమవారం. మధ్యాహ్నం 2

దొరికింది.

భోజనం చేసి బయటికొస్తే మామయ్య, జాక్సన్ వాళ్ల నాన్న, బానెట్ ఎత్తి, పైపుతో ఇంజిన్ మీద నీళ్లు కొడుతున్నాడు. నేను చేపలు దించి రాగానే కారు కడుగుతాడని తెలుసు. బానెట్ ఎత్తుతాడని తెలీదు. ఫైబర్ బోటు నడిపినన్నాళ్లూ ఒడ్డుకి రాగానే మోటారుకి మంచినీళ్లు పట్టించేవాడు. ఉప్పు నిలిస్తే మోటారు చస్తుందని. మోకాళ్లు పోయి బోటు మానేశాక ఆ మోటారు స్థానంలోకి నా కారు వచ్చినట్టుంది.

గురునాథరావుకి ఫోన్ చేశాను. గేర్ బాక్స్ మీద గాలి పోయే చిన్న గొట్టం ఉంటుందట, మా బండికి దాని మూత విరిగి ఉండటం మొన్న చూశాడట. నీళ్లు అందులోంచే. మూత తను బిగిస్తాడు. కానీ అలా కొడుతూ ఉంటే రేపు వైరింగు పోతుందన్నాడు.

జులై 8, మంగళవారం

నేను ఏమీ చెప్పలేదు. మామయ్య ఇవాళా కడిగాడు. ఈల వేస్తూ.

జులై 9, బుధవారం

జాక్సన్‌కి చెప్పాను. అయ్యకి సెప్పకు, తట్టుకోలేడు అన్నాడు. బాక్సు మార్చీసి, పైపు దాచీసి పోయిందని చెప్పీమన్నాడు. ఇంత మనిషి దగ్గర నీళ్ల పైపు దాచాలా? ఆయనకి రోజులో ఉన్న పని అదొక్కటే. అది తీసేస్తే ఏం చేస్తాడో నాకూ తెలీదు.

జులై 10, గురువారం

చెప్పేశాను. మామయ్య నవ్వాడు. ఉప్పునీల్లు తాగిన మోటారుకే ఏటీ అవలేదు, మంచినీల్లకి పోద్దేటమ్మా అన్నాడు. అన్నం సగంలో లేచి ఆటో ఎక్కి వన్ టౌన్ వెళ్లాడు. దించిన ఆయిల్లో వేలు ముంచి చూశాడట. తిరిగొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు, చాలాసేపు. రాత్రి తినలేదు.

నాకు బాధగా ఉంది. చెప్పకుండా ఉండాల్సింది. చెప్పక తప్పేదీ కాదు.

జులై 11, శుక్రవారం

సెకండ్ హ్యాండ్ బాక్సు ఖాయం చేద్దామని ఫోన్ తీశాను. మామయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మార్సొద్దమ్మా, ఆ బాక్సే ఇప్పించి బాగు సేయించు అన్నాడు. నాను పాడు సేసింది నాను సూడాల అన్నాడు. రెండు వారాలు కారు లేకపోతే కస్టమర్లు పోతారన్నాను. తెలుసన్నట్టు తల ఊపాడు. కానీ లేవలేదు.

విప్పమని చెప్పాను. జాక్సన్ పిచ్చి పని అన్నాడు. నిజమే.

జులై 16, బుధవారం

హార్బర్ నుంచి ఆటోలో చేపలు. ఆటోవాడు వాసనకి ముక్కు మూసుకుని, బేరానికి మాత్రం నోరు తెరుస్తాడు.

మామయ్య రోజూ షెడ్డుకే. గేర్లన్నీ డీజిల్‌తో తనే కడుగుతున్నాడట. గురునాథరావు ఫోన్ చేసి, మీ మామగారు నాకే పని సెప్తన్నారు మేడమ్ అని వాపోయాడు. ఆయన కూర్చోడానికి స్టూలు మాత్రం కొత్తది వేశాడట.

చంద్రిక గారి మెసేజ్. వేరే ఆయన దగ్గర తీసుకుంటున్నాం, ఏమీ అనుకోవద్దు. అనుకున్నాను. చాలానే అనుకున్నాను.

జులై 23, బుధవారం

కారు వచ్చింది. థర్డ్ పడింది. మామయ్య పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని శబ్దం విన్నాడు. ఆనందపురం దాకా వచ్చాడు. చంద్రిక గారి గేటు ముందు ఆపకుండా పోనిచ్చాను.

జులై 28, సోమవారం

మామయ్య పొద్దున్నే చొక్కా వేసుకుంటాడు. షెడ్డులో పనేమీ లేదని గుర్తొచ్చి విప్పేస్తాడు. పైపు జోలికి పోవడం లేదు. తడిగుడ్డతో అద్దాలు తుడుస్తాడు, కారు కరుస్తుందన్నట్టు దూరంగా నిలబడి. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంటాడు.

జులై 30, బుధవారం

గేరు వెన్నలా పడుతోంది. ఎలాగుందమ్మా అని అడిగాడు మామయ్య. థర్డ్ కొంచెం పట్టేస్తోందన్నాను. చొక్కా తొడుక్కుని చెప్పులు వెతుక్కున్నాడు.